మనోవ్యాధినుండి మరలివచ్చిన మనవారు
(ఎల్లారెడ్డిపేట వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మార్కండేయుని కథను మన పద్మశాలీయులము ప్రతి సభయందును స్మరించుచున్నాము. యమపాశము మెడను బడినను ఆ బాలుడు శివుని విడువలేదు. శివుడును బాలుని విడువలేదు. ఆ కథ మనకు వంశగౌరవము మాత్రమేనా? లేక ఆపన్నుని విడువరాదను ధర్మము కూడనా? నేడు మేము మనవి చేయబోవునది యిదియే.

తీవ్రమనోవ్యాధి కులమును జూడదు, కలిమిలేములను జూడదు. లేని మాటలు చెవిని బడుట, అకారణమైన యనుమానము స్కిజోఫ్రీనియా లక్షణములు. కొన్నాళ్లు మితిమీరిన యుత్సాహము, కొన్నాళ్లు గాఢవిషాదము కలుగుట బైపోలార్ వ్యాధి. ఇవి గాలి సోకుటవలన గాని పూర్వపాపమువలన గాని కలుగునవి కావు. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అను మందు వాడుకలోనికి వచ్చినది మొదలు, అనేకులు ఇంటనే యుండి కోలుకొనుచున్నారు. వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు వలదని మేమనము; మ్రొక్కు చెల్లించుచు మందు మానవలదని మాత్రమే వేడుచున్నాము.

రోగిని గొలుసులతో బంధించుట యెంత ఘోరమో తమిళనాడులోని ఏర్వాడి చాటినది. 2001 ఆగస్టు 6న అచటి పాకలో నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడి కదలలేక 28 మంది దగ్ధులైరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించినది. సమాజమధ్యమున జీవించుట రోగికి హక్కని ప్రకటించినది. అయితే చట్టము తలుపు తెరవగలదు గాని, లోనికి రమ్మని పిలువవలసినవారము మనమే.

ఒక సంగతి దాచక చెప్పెదము. మా వాడలో నొక యువకుడు చికిత్స పొంది యింటికి వచ్చెను. సాంచెల పనిలో నేర్పరి. ఏ యాసామియు పని నీయలేదు. ఒక పెండ్లిలో మేమే యతనిని బంతిలోనుండి లేపి గోడప్రక్కను గూర్చుండబెట్టితిమి. అతడు విస్తరి ముట్టక లేచిపోయెను. కొన్ని నెలలకు మందు మానెను. బీడీలు చుట్టి యతనిని సాకుచున్న తల్లి బతిమాలగా, “మందు మింగినా పిచ్చోన్నే, మింగకున్నా పిచ్చోన్నే” అనెను. వ్యాధి తిరుగబెట్టెను. వైద్యుడు నిలిపినదానిని మేము పడగొట్టితిమి. ఆ తప్పు మరల జరుగకుండుటకే యీ విన్నపము.

మొదటిది పని. ఎల్లారెడ్డిపేటయందైనను సిరిసిల్లయందైనను సాంచెలుగల మనవారు ఇట్టివారికి తావియ్యవలయును. కొన్ని మందులు తొలినాళ్లలో మగతను గలిగించును గనుక, నడచుచున్న సాంచెపై వెంటనే నిలుపరాదు. ముందు కండెలు చుట్టుట వంటి పని యిచ్చి, వైద్యుని సలహాతో క్రమముగా పెంచవలయును. నిద్రలేమి వ్యాధిని తిరుగబెట్టగలదు గావున రాత్రిపాళీ వలదు. చేసిన పనికి కూలి మాత్రము అందరితో సమానముగా నుండవలయును. అది ధర్మము గాదు, వేతనము.

రెండవది తోడు. ప్రతి గ్రామశాఖయు ఇద్దరిని నియమించి, నెలనెల రోగివెంట ఆసుపత్రికి పంపవలయును. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము చికిత్సను జిల్లాలకు దెచ్చుటకే యేర్పడినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోనుచేసి తెలుగుననే సలహా పొందవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మనోవ్యాధిని గూడ చేర్చినది గాన, అర్హులకు ధ్రువపత్రము ఇప్పించుటయు వీరి పనియే.

మూడవది మర్యాద. పిచ్చివాడని గాక పేరుపెట్టి పిలువవలయును. వ్యాధి వచ్చినదని కోడలిని పుట్టింటికి నెట్టరాదు. బంతిలో అందరి నడుమను విస్తరి వేయవలయును.

పోగు తెగినచో మనము సాంచె నాపి ముడివేయుదుము; తెగిన పోగుకొఱకు బట్టను పారవేయము. నేతపనిలో చూపు నోరిమిని మన బిడ్డలయెడ చూపలేమా?

ఈ మూడంశములను తీర్మానముగా నామోదింప సభవారిని ప్రార్థించుచున్నాము. ఆ యువకుడు మరల మందు పుచ్చుకొనుచున్నాడు. రాబోవు పెండ్లిబంతిలో అతని ప్రక్కను మేము కూర్చుందుము.