ఉసిరికలు నాలుగు - నేల ఉసిరి ఒక్కటే



ఆషాఢమాసంలో మా పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర జరుగుతుంది. ఆ రోజుల్లోనే తొలకరి వానలకు పెరటిగోడ వారన, కర్రపెండలం చేలల్లో, పాండవుల మెట్ట దిగువన, చింతాకులాంటి ఆకులతో జానెడేసి మొక్కలు గుంపులుగా లేస్తాయి. నేల ఉసిరి అంటే మనలో తెలియనివారుండరు. కామెర్లు అనగానే పెద్దవాళ్ళు దాన్నే తెమ్మంటారు. ఇరవై యేళ్ళుగా మా వీధిలో ఎవరికి కామెర్లు వచ్చినా పసరు తీసి యిచ్చినదాన్ని నేనే. ఆ గర్వం ఎలా అణిగిందో చెబుతాను, వినండి.

క్రిందటేడు జాతరకు మా ఆడపడుచు కూతురు వచ్చింది. అప్పుడామెకు అయిదో నెల. వచ్చిన రెండోనాటికే అన్నం సయించలేదు, కళ్ళు పచ్చబడ్డాయి. "నేల ఉసిరి నాలుగు మొక్కలు పీక్కురా అమ్మా" అన్నారు మా అత్తగారు. నేను చెంగు నిండా పీక్కొచ్చి అరుగు మీద పోసి, కల్వం కడుగుతున్నాను. పక్కింటి అమ్మాయి కాలేజీలో వృక్షశాస్త్రం చదువుతోంది. భూతద్దం పట్టుకొచ్చి కూర్చుని, నేను తెచ్చినదాన్ని నాలుగు కుప్పలు చేసింది. "పిన్నిగారూ, యీ ఒక్క కుప్పే నేల ఉసిరి. మిగతా మూడూ దాని చుట్టాలు" అంది.

నేను పదో తరగతి వరకే చదివాను. అయినా ఆ పిల్ల చెప్పింది నాకు తేలిగ్గానే అర్థమైంది. మీకూ అవుతుంది.

మొదట రెమ్మ చూడండి. నేల ఉసిరికి నడిమి కాడ మీద ఆకులుండవు. పక్కకు సాగిన సన్నని రెమ్మలకే రెండు వరసల్లో చిన్న చిన్న ఆకులుంటాయి. అలా కాకుండా కాడ చుట్టూ అన్నివైపులా ఆకులుండి, ఒక్కొక్క ఆకూ మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా వుంటే అది నల్ల ఉసిరి. దాని శాస్త్రనామంలో మన మదరాసు పేరే వుంది. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరది.

తరవాత రెమ్మను తిరగేయండి. కాయలన్నీ ఆకుల అడుగునే వరసగా వుంటాయి. అందుకే అరవవారు దీన్ని "కీళానెల్లి", అంటే క్రింది ఉసిరి అంటారు. కాయ మిరియంలో సగం వుంటుంది. నున్నగా, చిన్న కాడతో వుంటే నేల ఉసిరి కావచ్చు. గరుకుగా, పులిపిరులున్నట్టుగా వుండి, కాడ లేకుండా రెమ్మకే అంటుకుని వుంటే అది ఎర్ర ఉసిరి. దాని కాడకు తరచు ఎరుపు జీర కూడా వుంటుంది.

నాలుగోది మాత్రం మోసగత్తె. కాయ నున్నగానే వుంటుంది, ఆకుల అడుగునే వుంటుంది. అయితే ఆకు రెండు కొసలా సన్నబడి వుంటుంది. నేల ఉసిరి ఆకు కొస గుండ్రంగా వుంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే భూతద్దంతో పువ్వు చూడాలి. నేల ఉసిరి పువ్వుకు రేకులు అయిదు. మగపువ్వు, ఆడపువ్వు ఒకే ఆకు మొదట్లో జంటగా వుంటాయి. ఆ రెండోదానికి రేకులు ఆరు.

ఇంతకాలం ఇవి తెలియలేదే అని నేను సిగ్గుపడుతుంటే, చదువుకున్నవాళ్ళూ పొరబడ్డారని చెప్పి ఆ అమ్మాయే నన్ను ఓదార్చింది. మన పుస్తకాలు చాలాకాలం దీన్ని "నిరూరి" అనే పేరుతో పిలిచాయి. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో ఆ పేరుతో చలామణీ అవుతున్నవి మూడు వేరువేరు మొక్కలని మిత్రా, జైన్ అనే శాస్త్రజ్ఞులు 1985లో తేల్చారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మరి ఇన్నేళ్ళు నా పసరుతో అందరికీ ఎలా తగ్గింది? ఈ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. జవాబు మర్నాడు డాక్టరమ్మ చెప్పింది. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయట. అంటే నేను ఏ ఆకు నూరి పోసినా పేరు నాకే వచ్చేది! 1988లో మద్రాసు వైద్యులు బి-రకం కామెర్ల క్రిమి వున్నవారికి నేల ఉసిరి పొడి యిచ్చి చూశారు. 37 మందిలో 22 మందికి ఆ క్రిమి జాడ పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ఉత్తుత్తి మందు యిచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. అయితే తరవాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. కనుక మొక్క సరైనదే అయినా, అదే మందని నమ్మి కూర్చోరాదు.

మా పిల్లకు రక్తపరీక్షలో ఇ-రకం అని తేలింది. నిండునెలలు దగ్గరపడే కొద్దీ గర్భిణికి అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. మేము పసరు పోసి వారం రోజులు చూద్దాంలే అనుకుని వుంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆస్పత్రిలో వుంచి కనిపెట్టి చూశారు, తగ్గింది. ఇప్పుడామె పాప పాకుతోంది.

అమ్మా, మీ యింట్లో ఎవరి కళ్ళయినా పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి. గర్భిణి అయితే ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. రోగి మత్తుగా పడివున్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకండి. ఇంటిల్లిపాదీ నీళ్ళు మరగకాచి తాగండి.

ఈ వానాకాలంలో పెరట్లో ఆ మొక్కలు కనిపించినప్పుడు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్క రెమ్మే తిరగేసి చూడండి. నేనిప్పుడు అదే చేస్తున్నాను. పసరు తీయడం మాత్రం మానేశాను. ఇంకా ఎవరైనా గిన్నె పట్టుకుని వస్తే, ఆస్పత్రికి తోడు వెళ్ళి వస్తున్నాను.

సెలవు.