చిహ్నములు – వాక్స్వాతంత్ర్యము



ఒరుల మనస్సు నొప్పించు చిహ్నమును బహిరంగముగ ప్రదర్శించుట వాక్స్వాతంత్ర్యమున చేరునా? ఇందులకు మన సీమ చరిత్రయందే రెండు నిదర్శనములు గలవు.

1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని కుంఫిణీవారు ఉరితీసి, ఆయన శిరస్సును కోటపై వ్రేలాడదీసిరి. 1877 వరకు అది అచ్చటనే యుండెను. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతముల రైతులు మరల తల యెత్తకుండుటకై చేసిన బెదరింపు అది.

1907లో రాజమహేంద్రవరమున, మన కర్నూలువారగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 'వందేమాతరం' బిళ్ల ధరించినందులకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి బహిష్కృతులైరి. ఆ బిళ్ల దొరలకు కంటగింపైనది. కాని దానిని చూచి ప్రాణభయమందినవా డెవడు? ఆయనయే తరువాత ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైరి.

నొప్పించుట వేఱు, బెదరించుట వేఱు. మన రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యము నొసగి, శాంతిభద్రతల కొఱకును, నేరప్రేరేపణము నరికట్టుటకును సమంజసమగు పరిమితులకు తావిచ్చినది. మనకు నచ్చని జెండా వీథిలో నెగిరిన సహింపవలెను. దానినే పదిమంది బలవంతులు గూడి బలహీనుని వాకిట నాటినచో అది దౌర్జన్యమగును. కనుక తగవు తీర్చు పెద్దలు, చిహ్నమును చూచి కోపించువానికంటె ముందుగ, భయపడువాని మాట వినవలెను.

నచ్చిన పత్రికయు, నచ్చని పత్రికయు ఈ గ్రంథాలయమున ఒకే బల్లపై నెల్లప్పుడు నుండుగాక యని కోరుచు విరమించుచున్నాను.