పీహెచ్ తగ్గితే పొడి కాదు, గాలి చూడండి

నేను దోహాలో సైట్ సూపర్‌వైజర్‌ని. మా పాప ఉప్పునీటి అక్వేరియంలో పోయిన ఎండాకాలం పీహెచ్ 7.8 దాటలేదు. 8.1 అయినా ఉండాలని బఫర్ పొడి వేస్తూ పోయా. ఆల్కలినిటీ 12 డీకేహెచ్ దాటింది, పగడాల కొసలు తెల్లబడ్డాయి, పాప ఏడ్చింది. పీహెచ్ మాత్రం మర్నాటికి మళ్లీ అంతే.

అసలు సంగతేంటంటే, కిటికీలు మూసిన ఏసీ ఫ్లాట్‌లో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి ఆమ్లం అవుతుంది. మీరూ చూసుకోండి. గ్లాసుడు అక్వేరియం నీళ్లు బాల్కనీలో పెట్టి, గంటసేపు ఎయిర్ పంపు ఆడించండి. పీహెచ్ పెరిగితే తప్పు ఇంటి గాలిది కావచ్చు. నేను స్కిమ్మర్ గాలి గొట్టం కిటికీ బయటికి పెట్టా. ఇప్పుడు తెల్లారుజామున కూడా 8.1.

గోడకి చెమ్మొస్తే రంగేసి కప్పొద్దు, లీకెక్కడో చూడండ్రా అని సైట్‌లో రోజూ చెప్పేది నేనే మరి!