పెరటి తోట, సీతాకోకచిలుకలు, నాటుకోళ్లు
(పాల సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పుస్తకాలు తనిఖీ చేయడానికి వచ్చేవారు పెరటి మొక్కల గురించి మాట్లాడటమేమిటని మీకు తోచవచ్చు. మా డిప్లొమా కూడా సహకార శాస్త్రంలో తీసుకున్నదే గాని వ్యవసాయంలో కాదు. అయినా ఏళ్ల తరబడి పాలకేంద్రాలు తిరుగుతూ, పని ముగిశాక మీ పెరళ్లలో కూర్చుని మజ్జిగ తాగినవాళ్లం. అక్కడ చూసినదే చెబుతున్నాము.

కొన్నేళ్ల క్రితం ఒక సభ్యురాలి ఇంట ఆరు నాటుకోళ్లుండేవి. గుడ్ల డబ్బే ఆమె చేతిఖర్చు. కరివేపాకు చెట్టుకు పురుగు పట్టిందని కొడుకు పత్తికి కొట్టగా మిగిలిన మందు దానిమీద చల్లాడు. రాలిన పురుగులను కోళ్లు ఏరుకు తిన్నాయి. తెల్లవారేసరికి నాలుగు చచ్చి పడి ఉన్నాయి. చారులో వేయడానికి ఆమె అప్పటికే ఆ చెట్టు రెబ్బ తుంచి ఉంచింది. కోళ్లను చూసి పారవేసింది. “కోళ్లు పోతే పోయాయి సారూ, పిల్లలు తిని ఉంటే?” అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ పురుగు చిన్నగా ఉన్నప్పుడు పిట్టరెట్టలా కనిపిస్తుంది. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనుకనుంచి రెండు కొమ్ముల వంటివి బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. కొద్ది వారాలకు అదే నల్లరెక్కల సీతాకోకచిలుక అవుతుంది. నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబపు చెట్లు గనుక రెండింటి మీదా పెరుగుతుంది. కూరకు వాడే చెట్టుమీద కనబడితే పుల్లతో తీసి నిమ్మచెట్టు మీద వదలండి. కిందపడినవి కోళ్లవి. ఆ లెక్క వాటికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మందుల విషయం ఒక్కమాట. ఎండ్రిన్‌ను మన దేశంలో 1990లోనే నిషేధించారు. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది. ఎండ్రిన్ వంటివి మేతతో గేదె కడుపులోకి పోతే పాలలోని వెన్నలోకి చేరతాయి. ఇప్పుడు దొరికే పురుగుమందులు కూడా పెరటికి వద్దు.

ఇక ఏమి వేయాలి? పశువుల పాక కడిగిన నీరు పారే చోట అవిసె, మునగ వేయండి. అవిసె ఆకు పాడిపశువుకు మంచి మేత, కోడికి మాత్రం పనికిరాదు. మడిలో తోటకూర, గట్టున బంతి. పచ్చటి ఆకు తినే కోడి గుడ్డు సొన పసుపు చిక్కబడుతుంది. బంతిపూలకు సీతాకోకలు వస్తాయి. పాక దగ్గర మూత్రంతో తడిసిన మట్టిమీద అవి గుంపుగా వాలడం చూసే ఉంటారు. ఆ తడిలోని ఉప్పు కోసమే వస్తాయి.

కోళ్లను లేతమడిలోకి వదిలితే ఒక పూటలో అంతా గీరేస్తాయి. మొక్క మోకాలెత్తు వచ్చేవరకు ముళ్లకంప కట్టండి. అందాకా పేడకుప్పమీద వదలండి. అక్కడ ఈగల పురుగులను ఏరుకుంటాయి, పశువుల చుట్టూ తిరుగుతూ పిడుదులనూ తింటాయి. కొక్కెర తెగులు టీకా మాత్రం పశువైద్యశాలలో అడిగి వేయించండి. తోట ఎంత బాగున్నా ఆ తెగులును ఆపదు.

సీతాకోకలు వస్తాయి గదా అని గన్నేరు, లాంటానా మాత్రం పాక పక్కన పెట్టవద్దు. రెండూ పశువుకు విషమే. గన్నేరు కొమ్మలు కొట్టి మేతలో కలిసేట్టు పడవేయడం మేము కళ్లారా చూసి కేకలు వేసిన సందర్భం ఉంది.

ఇందాక చెప్పిన సభ్యురాలి చెట్టును ఆ ఏడు మొదలంటా నరికారు. వేళ్లనుంచి పిలకలు లేచాయి. ఇప్పుడు ఆమె పెరట్లో మూడు చెట్లు, తొమ్మిది కోళ్లు. ఈ సమావేశానికని పది పిలకలు తవ్వి తడిగోనెలో చుట్టి పంపింది. పాలకేంద్రం అరుగుమీద పెట్టించాము. కావలసినవారు సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు ఇంటికొకటి చొప్పున తీసుకువెళ్లండి.