కొరియన్ భాష చదువు - మన పిల్లలు



విద్యా ఉపసంఘం తరఫున యీసారి మాకిచ్చిన విషయం కాస్త కొత్తది. మన యిళ్ళలో ఇంటర్ చదివే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, కొరియా సీరియళ్ళు చూసి ఆ మాటలు పట్టుకొంటున్నారు. "ఇదే యూనివర్సిటీలో చదువుతాం అబ్బా" అని అడుగుతున్నారు. పెద్దలకు రెండు భయాలు. ఆ చదువు కూడు పెడుతుందా? అంత దూరం పోతే దీన్ ఏమవుతుంది? రెండూ న్యాయమైన భయాలే. వాటిని నవ్వి తోసెయ్యడానికి మేము రాలేదు.

ముందు భాష సంగతి. కొరియా రాజు సేజోంగ్ 1443లో కొత్త లిపి తయారుచేయించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతవరకు అక్కడ చదువంటే చీనా అక్షరాలే. అవి సామాన్యుడికి అందేవి కావు. కొత్త లిపి వద్దని 1444లో కొందరు ఆస్థాన పండితులు అర్జీ పెట్టారు. అయినా అది నిలిచింది. పండితులు చిన్నచూపు చూసిన ఆ అక్షరాలను మొదట ఆదరించిన వారిలో ఆడవాళ్ళు వున్నారు. దాని పేరు హంగుల్. నేడు అందులో 14 హల్లులు, 10 అచ్చులు, మొత్తం 24 అక్షరాలు. మనం క కు గుడి పెట్టి కి అన్నట్లే, వాళ్ళూ హల్లునూ అచ్చునూ ఒకచోట కూర్చి ఒక గడిలో రాస్తారు. గుణింతం వచ్చిన తెలుగు పిల్లకు యిది ఓ వారం పని.

వాక్యం యింకా దగ్గర. "నానన్ హక్క్యోయె కాయో" అంటే "నేను బడికి వెళ్తాను" అని. మాట వరుస మనదే. "బడికి"లో కి చివర వచ్చినట్లే, వాళ్ళ "యె" కూడా చివరే వస్తుంది. మన ఉర్దూలోనూ క్రియ చివరే గదా. అన్నను తమ్ముడు "హ్యంగ్" అంటాడు, చెల్లెలు "ఒప్పా" అంటుంది. చిన్నవాళ్ళను "తిను" అనే చోట పెద్దలకు వేరే క్రియ వుంది. ఆప్, తుమ్ తేడా తెలిసిన పిల్లలకు యీ మర్యాద వింతగా తోచదు. యీ పోలికలు చూసి 1905లో హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం కలుపుతూ వ్యాకరణమే రాశాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా సౌలభ్యం మాత్రం వుంది.

కష్టం లేదా అంటే వుంది. మాటలలో పెద్ద భాగం చీనా నుంచి వచ్చినవి. అంకెలు రెండు రకాలు. గంటలకు ఒకటి, నిమిషాలకు ఒకటి. సీరియల్ చూసి పది మాటలు రావడం వేరు, దుబాసీ కావడం వేరు.

ఇక కూటి సంగతి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొరియన్‌లో బి.ఏ. ఆనర్స్ వుంది. ఇంటర్ అయినవారు సి.యు.ఇ.టి. పరీక్ష రాసి చేరవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలలో కొరియన్‌ను పేర్కొన్నది. మన రాష్ట్రంలోనే పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. శ్రీపెరంబుదూరులో హ్యుందాయ్ 1998 నుంచి కార్లు చేస్తున్నది. ఇటువంటి చోట్ల భాషతోపాటు లెక్కలో, ఇంజనీరింగో, వాణిజ్యమో వచ్చినవారికి విలువ. అందుకని భాష ఒక్కటే నమ్ముకోకండి, చేతిలో రెండో విద్య వుండాలి అని మా మాట.

కొరియా ప్రభుత్వం గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ యిస్తుంది. విమానపు చార్జీ, ఫీజు, నెలనెలా ఖర్చు అందులో వుంటాయి. చాలామందికి మొదట ఒక యేడు భాషా శిక్షణ. ఆపైన టోపిక్ పరీక్షలో మూడో స్థాయి దాటితేనే డిగ్రీ చదువు. ఆ పరీక్షకు మొత్తం ఆరు స్థాయిలు. దరఖాస్తు రాయబార కార్యాలయం ద్వారానో, అక్కడి విశ్వవిద్యాలయం ద్వారానో నేరుగా పెట్టుకోవాలి. "లక్ష యివ్వండి, స్కాలర్‌షిప్ సీటు యిప్పిస్తా" అనే వాణ్ణి గుమ్మం తొక్కనివ్వకండి. బిడ్డ పెళ్ళికని దాచిన నగలు అలాంటివాడి చేతిలో పొయ్యవద్దు.

దీన్ మాటకు వద్దాం. ముస్లిములకు కొరియా కొత్త దేశం కాదు. 9వ శతాబ్దపు భూగోళ రచయిత ఇబ్న్ ఖుర్దాద్‌బెహ్ "సిలా" దేశాన్ని గురించి రాస్తూ, వెళ్ళిన ముస్లిములు అక్కడే స్థిరపడేవారని చెప్పాడు. సేజోంగ్ రాజు ఆస్థానంలో ముస్లిం ఖగోళ గణితాన్ని ఆధారం చేసుకొని పంచాంగ గ్రంథం తయారయింది. ఆ రాజు కాలంలోనే, 1427లో, ముస్లిములు తమ ప్రత్యేక వేషమూ ఆచారాలూ వదలాలని ఆజ్ఞ కూడా వెలువడింది. క్రమంగా ఆ సమాజం కనుమరుగైంది. మన విద్యను గౌరవించిన చోటే మన ఉనికి కరిగిపోయింది. యీ రెండూ పిల్లలు తెలుసుకోవాలి. 1950-53 యుద్ధానికి వచ్చిన తుర్కీ సైనికుల ద్వారా అక్కడ ఇస్లాం మళ్ళీ మొలకెత్తింది. కొరియా ప్రభుత్వం స్థలమిస్తే, ముస్లిం దేశాలు డబ్బిస్తే, 1976లో సియోల్‌లోని ఇతేవాన్ గుట్టమీద పెద్ద మసీదు తెరిచారు. జుమా నమాజుకు చోటుంది.

తిండి విషయంలో జాగ్రత్త కావలసిందే. పందిమాంసం, సోజు అనే సారాయి అక్కడ మామూలు. అయితే అక్కడి పొట్లాలపై పందిమాంసం వుంటే ఆ మాట రాయాలని నియమం. పందిని "ట్వేజి" అంటారు. చదవడం వచ్చిన పిల్ల పొట్లం తిప్పి చూసుకొంటుంది, రానిది యెవరినో నమ్ముతుంది. జెలటిన్ వంటివి అడిగి తెలుసుకోవడానికీ, సహోద్యోగుల విందులో "నేను తాగను" అని మర్యాదగా చెప్పడానికీ మాట కావాలి. భాష దీన్‌కు శత్రువు కాదు. పరాయి దేశంలో దాన్ని కాపాడుకొనే సాధనం.

ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తమ ఉత్తరాల కోసం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ గారిని పరాయి లిపి నేర్చుకోమన్నారని హదీసులలో వుంది. ఆయన కొద్ది రోజులలోనే నేర్చుకొన్నారు. అప్పుడాయన కుర్రవాడే.

కాబట్టి సంఘానికి మా మనవి మూడు ముక్కలు. మన స్కాలర్‌షిప్పులు డాక్టరు, ఇంజనీరు చదువులకే గాక భాషల చదువుకూ యివ్వాలి. శ్రద్ధగా చదివే పిల్లలకు టోపిక్ పరీక్ష ఫీజు భరించాలి. దూరం పంపే తల్లిదండ్రులకు హాస్టలు, దరఖాస్తు, ఖర్చుల వివరాలు చెప్పే మనిషి ఒకరు ఆదివారం ఆఫీసులో కూర్చోవాలి. తల్లిదండ్రులకు మనవి ఒక్కటే. బిడ్డ అడిగినప్పుడు వెంటనే కాదనకండి. ఆరు నెలలు అక్షరాలు, వ్యాకరణం యింటి దగ్గరే చదవనివ్వండి. మోజు అయితే అప్పటికి తగ్గిపోతుంది. శ్రద్ధ అయితే నిలుస్తుంది. నిలిస్తే వెనక నిలబడండి.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యనూ, దాన్ని నిలబెట్టుకొనే బుద్ధినీ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.