గుండెకు హితమైన ఆహారము, దంత రక్షణము: పంచాయతి సభ్యులతో కొన్ని మాటలు

(జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామ పంచాయతి సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



మీ సమావేశములలో రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, పన్నుల వసూలు చర్చకు వచ్చుట సహజము. గ్రామస్థుల పండ్లను గూర్చి, గుండెను గూర్చి పంచాయతి సభ్యులతో మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. వైద్యము డాక్టర్ల పనియే. కాని బడి ప్రక్కన కొట్టులో ఏమి అమ్ముచున్నారో, ఏ వాడవారు ఏ బోరు నీరు త్రాగుచున్నారో, ఆశా కార్యకర్త పరీక్షలకు పిలిచిన దినమున మగవారు వచ్చుచున్నారో లేదో డాక్టరుకు తెలియదు, మీకు తెలియును. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట ఉంచుచున్నాము.

గుండె జబ్బు పట్టణవాసుల జబ్బనియు, కలిగినవారి జబ్బనియు మన పల్లెలలో ఒక నమ్మకమున్నది. ఎండలో నాగలి పట్టువానికి, నాట్లు వేయు ఆడవారికి అది రాదని పలువురి ధీమా. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04 సంవత్సరములలో పరిశోధకులు, ఏడాది కాలములో మరణించిన ప్రతి వ్యక్తి ఏ కారణమున మరణించెనో ఇంటివారి నడిగి తెలిసికొనిరి. ఆ మరణములలో ఇంచుమించు మూడింట ఒక వంతు గుండెపోటు, పక్షవాతము వంటి రక్తప్రసరణ సంబంధమైన జబ్బుల వలన సంభవించినవే. అంటువ్యాధుల వలన మరణించినవారు అందులో సగమైనను లేరు. అవియును మన గ్రామముల వంటి తెలుగు పల్లెలే, సేద్యము మీద బ్రతుకు పల్లెలే. మరి 52 దేశములలో జరిగిన ఒక గొప్ప పరిశోధన ఫలితములు 2004 లో వెలువడినవి. మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకంటె అయిదారేండ్లు ముందుగా, సుమారు 53 ఏండ్ల వయస్సులో వచ్చుచున్నదని అందువలన తేలినది. పల్లెలో 53 ఏండ్ల వయస్సనగా ఏమి? కూతురి పెండ్లి అప్పు తీరలేదు, కొడుకు చదువు ముగియలేదు, పొలము పని యింకను తన చేతి మీదనే యున్నది. ఆ వయస్సులో ఇంటి పెద్ద పడిపోయినచో ఆ యిల్లే పడిపోవును.

ఇక ఆహారము మాట. మన మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకు పూర్వము వీనిలో అధిక భాగము వరంగల్ జిల్లాలోనిదే. ఆ జిల్లా మెట్ట గ్రామముల పెద్దలు జొన్న గట్క, జొన్న రొట్టె, అంబలి తిని పెరిగినవారు. వరి అన్నము పండుగనాటి భోజనము. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది; బోర్లు వచ్చినవి; దేవాదుల వంటి ఎత్తిపోతల పథకముల నీరు చెరువులకు చేరినది. తెల్లన్నము మూడు పూటల భోజనమైనది. ఆకలి తీర్చిన బియ్యమును మేము నిందింపము. నిందించుట కృతఘ్నత యగును. చిక్కంతయు పళ్ళెములోని పాళ్ళలో నున్నది. గుట్టగా అన్నము, దానిపై పల్చని పులుసు, అంచున తొక్కు. పప్పు కొంచెము, కూర ఇంకను కొంచెము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918 లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958 లో మన రాజధానికి తరలి వచ్చినది. ఆ సంస్థ 2024 లో ప్రకటించిన సూచనల ప్రకారము, సాధారణ శ్రమ చేయు మనిషికి దినమునకు ధాన్యములన్నియు కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె 27 గ్రాములు చాలును. కాయకష్టము చేయువారికి ఇంతకంటె ఎక్కువ కావలసియుండును. పాళ్ళు మాత్రము మారవు. 2025 ఏప్రిల్ నుండి మన రాష్ట్రములో రేషను కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యము ఇచ్చుట ఆరంభమైనది. అనగా దినమునకు 200 గ్రాములు. ధాన్యపు లెక్కలో అధిక భాగము అక్కడనే తీరినది. మన యిండ్లలో కొరవడినవి పప్పును, కూరలును. కందులు, పెసలు, బొబ్బర్లు మన చేలలో పండునవే. పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర, మునగాకు కొనవలసిన పనియే లేదు. తండాలలో జొన్న రొట్టె నేటికిని పొయ్యి మీద కాలుచున్నది. 2018 పంచాయతిరాజ్ చట్టముతో పంచాయతులైన తండాల సభ్యులు ఇక్కడ పలువురున్నారు. ఆ రొట్టెను చిన్నచూపు చూడవద్దని వారికి మా మనవి. పట్టణములో దానిని హోటలువారు ధర కట్టి అమ్ముచున్నారు.

నూనె లెక్క ఇల్లాండ్రకు సులభముగా తెలియునట్లు చెప్పెదము. దినమునకు 27 గ్రాములనగా మనిషికి నెలకు ఒక లీటరులోపే. నలుగురు పెద్దవారున్న ఇంట మూడున్నర లీటర్లు మించరాదు. ఒకసారి ఇంటి లెక్క చూచుకొనుడు. నూనె పొట్లముల మీద ‘కొలెస్ట్రాలు లేదు’ అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. చెట్టు నుండి, గింజ నుండి తీసిన ఏ నూనెలోను కొలెస్ట్రాలు చెప్పుకొనదగినంత ఉండదు. దానిని ఘనతగా చాటుట వ్యాపార చమత్కారము. పల్లీ నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె మార్చి మార్చి వాడుట మేలు. డాల్డా వంటి గట్టిపరచిన నూనెలలో ఉండు ట్రాన్స్ కొవ్వు గుండెకు మిక్కిలి హానికరము. 2022 జనవరి నుండి నూనెలలో, కొవ్వులలో అది నూటికి 2 పాళ్ళు మించరాదని ప్రభుత్వ నిబంధన. కాని జాతరలో, సంతలో మిర్చి బజ్జీల బాణలిలో నల్లబడిన నూనె మరల మరల కాగుచుండును. ఆ నూనె చెడినదని కంటికే తెలియును, ముక్కుకును తెలియును. సంత మీ గ్రామములో జరుగుచున్నచో బజ్జీల బండివానితో ఒక మాట చెప్పుట మీకు కష్టము కాదు.

ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మహబూబాబాద్ వైపు మిరప పంట ప్రసిద్ధము. మిరప పండిన చోట తొక్కులకు కొదవ యుండదు. కారము మీద మాకు తగవు లేదు. కారమును నిలువయుంచుటకు వేయు ఉప్పు రక్తపు పోటును పెంచును. అన్నము వండునప్పుడు ఉప్పు వేయుట, మజ్జిగలో వేయుట, తొక్కులో ముందే యుండుట — ఒక్క పూటకు మూడు ఉప్పులు! రక్తపు పోటు 140/90 దాటి యున్నవారిలో అనేకులకు ఆ సంగతియే తెలియదు. నొప్పి ఉండదు, జ్వరము ఉండదు. ఒకనాడు కాలు చేయి పడిపోయినప్పుడు తెలియును.

చక్కెర గుండెకును పండ్లకును ఉమ్మడి శత్రువు. దినమునకు 25 గ్రాములు, అనగా అయిదారు చిన్న చెంచాలు చాలును. హోటలు వద్ద నాలుగు చాయలు త్రాగువాడు ఆ హద్దును అక్కడనే దాటును. పండ్ల విషయములో ఎంత తింటిమన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిసార్లు తింటిమన్నది అంతకంటె ముఖ్యము. తీపి నోట పడగానే పండ్ల మీది సూక్ష్మజీవులు దానిని పులియజేసి ఆమ్లము పుట్టించును. ఆ ఆమ్లము పంటి పైపొరను కరిగించును. లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. కాని దానికి వ్యవధి కావలెను. గంటకొక చాక్లెట్టు తిను పిల్లవాని నోటిలో ఆ వ్యవధి చిక్కదు. అయిదు రూపాయల పొట్లముల పిండి పదార్థములు పండ్ల సందులలో అంటుకొని చేయు పనియు ఇదియే.

ఇక్కడ తల్లిదండ్రులకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటున్నది. పిల్లలకు ఆరవ యేట పాలపండ్ల వెనుక ఒక పెద్ద దవుడపన్ను వచ్చును. దానికొఱకు ఏ పాలపన్నును ఊడదు గావున అదియును పాలపన్నే అని ఇంటివారు భ్రమపడుదురు. ‘పుచ్చిన నేమి, ఊడి మరల వచ్చును గదా’ అని ఊరకుందురు. అది మరల రాదు. నూరేండ్లు నమలవలసిన పన్ను పదవ యేటనే పోవును. అంగన్వాడి టీచరు, బడి పంతులు ఈ యొక్క మాట తల్లులకు చెప్పగలిగిన ఎన్నో దవుడలు నిలుచును.

వేపపుల్ల వాడుట మన పూర్వాచారము. లేత పుల్లను మెత్తగా నమలి కుంచెవలె చేసి నిదానముగా తోముకొన్నచో దోషము లేదు. బొగ్గు పొడి, ఇటుక పొడి, బూడిద మాత్రము పంటి పొరను అరగదీయును. ఫ్లోరైడు గల పేస్టుతో ఉదయము ఒకసారి, రాత్రి పండుకొనుటకు ముందు ఒకసారి తోముకొనుట ఉత్తమము. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలును; దానిని మ్రింగనీయరాదు. చిగుళ్ళ నుండి రక్తము వచ్చుచున్నదని తోముట మానివేయువారు కలరు. మానుటవలన పాచి పెరిగి చిగుళ్ళు మరింత వాచును. పై పన్ను పీకించినచో కంటి చూపు పోవునన్న భయము మన పల్లెలలో గట్టిగా నాటుకొన్నది. పంటికి కంటి చూపుతో సంబంధము లేదు. ఈ భయముతో చీము పట్టిన పన్నును నెలల తరబడి ఉంచుకొని, దవుడ వాచి, జ్వరము వచ్చిన పిమ్మట ఆసుపత్రికి పోవుట ప్రాణాపాయము.

ఫ్లోరైడు పేస్టులో మేలు చేయును, నీటిలో మితి మీరినచో కీడు చేయును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు, ఎనిమిదేండ్ల లోపు పిల్లల చిగుళ్ళలో రూపొందుచున్న పండ్లకు మచ్చలు తెచ్చును. ఎంత తోమినను ఆ మచ్చలు పోవు. పొరుగున నల్లగొండ జిల్లా పడిన బాధ మీకు తెలిసినదే. అక్కడ ఎముకలు వంగినవారిని దేశమంతయు చూచినది. జనగామ ప్రాంతములోను కొన్ని బోర్ల నీటిలో ఫ్లోరైడు హద్దు మీరి యున్నది. 2016 లో ఆరంభమైన మిషన్ భగీరథ నీరు ఇంటికి వచ్చుచున్నను, రుచి పేరనో, అలవాటు పేరనో పాత బోరు నీరే త్రాగు ఇండ్లు ఉండవచ్చును. పాత బోర్ల నీటిని పరీక్ష చేయించి, త్రాగదగని దానికి ఎఱ్ఱరంగు వేయించుట పంచాయతి చేయదగిన పని.

పొగాకు సంగతి చివరకు ఉంచినాము, అది చిన్నదని కాదు. బీడీ, చుట్ట, అంబరు, జర్దా, ఖైనీ, గుట్కా — ఇవి నోటిలో పుండ్లు, కాన్సరు కలిగించును. గుండె నాళములను బిగించును. వక్క నమలువారికి క్రమముగా నోరు తెరుచుకొనుట తగ్గిపోవును. మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టని నోటిని డాక్టరుకు చూపవలెను. భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి గ్రామములలో వేసవిలో తునికాకు సేకరణము పేదల జీవనాధారము. ఆకు కోయుట వేరు, బీడీ కాల్చుట వేరు. కోత కూలి వద్దని మేము చెప్పుట లేదు. పొగాకు కలిపిన పండ్ల పొడి, పేస్టు 1992 లోనే నిషేధింపబడినవి. 2003 నాటి చట్టము ప్రకారము విద్యాలయమునకు నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండని వానికి ఎక్కడను అమ్మరాదు. ఈ నూరు గజములను కొలుచుటకు హైదరాబాదు నుండి ఎవ్వరును రానక్కరలేదు. కొట్టువాడు మనవాడే, మన వోటరే అను మొగమోటము అడ్డు వచ్చునని మాకు తెలియును. ఆ కొట్టులో పొట్లము కొను పిల్లవాడును మనవాడే గదా.

చిగుళ్ళ జబ్బు గలవారిలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపించుచున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఒకటి రెండవదానికి కారణమని మాత్రము ఇంకను రుజువు కాలేదు. పండ్లు తోమినంత మాత్రమున గుండెపోటు రాదని ఎవ్వరైన చెప్పిన నమ్మవద్దు. కాని చిన్ననాట కీళ్ళవాత జ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికి నోటిలోని సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించి గుండెకు చేటు తేగలవు. అట్టివారు పన్ను పీకించుకొనుటకు ముందు ఆ సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. రక్తము పలుచనగుటకు మందు వాడువారును చెప్పవలెను; దానిని తమంత తాము మానరాదు.

ముప్పది యేండ్లు దాటినవారికి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. రక్తపు పోటు, మధుమేహము పరీక్షలు ఉచితముగా చేయుదురు. నోటిని కూడ పరీక్షింతురు. తెల్ల మచ్చ, ఎఱ్ఱ మచ్చ, రెండు వారములకు మానని పుండు కనిపించిన పెద్దాసుపత్రికి పంపుదురు. మా పర్యటనలలో చూచినంతవరకు ఈ పరీక్షలకు వచ్చువారు ఆడవారే. పరీక్ష పగటి వేళ జరుగుటయు, ఆ వేళకు మగవారు పొలములోనో, భూపాలపల్లి బొగ్గు గనుల షిఫ్టులోనో ఉండుటయు ఇందుకు కారణము. ముందునాడు చాటింపు వేయించి, ఆరోగ్య సిబ్బందితో మాటలాడి, తెల్లవారగనే కాని పొద్దు గూకిన పిమ్మట కాని ఏర్పాటు చేయించినచో వారును రాగలరు. సర్పంచి తన చేతికి పట్టీ కట్టించుకొని మొదట కూర్చుండినచో మిగిలినవారి బిడియము తీరును.

గుండెపోటు వచ్చినప్పుడు చేయవలసినది చెప్పి ముగించెదము. ఎదలో బిగింపు, ఎడమ చేతికిగాని దవుడకుగాని ప్రాకు నొప్పి, చెమటలు, ఆయాసము — వీనిని ‘గ్యాసు’ అని సోడా త్రాగించి, మాత్ర వేసి రాత్రి గడుపుట మన పల్లెలలో సర్వసాధారణము. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు మొదటి గంటలలో ఇచ్చినచో గుండె కండరము దక్కును. ఆలస్యమైన కొలది అది చచ్చిపోవును. వెంటనే 108 కు ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు, మోటారు సైకిలుపై కూర్చుండబెట్టరాదు. కొత్తగూడ, గంగారం, పలిమెల వంటి మారుమూల మండలముల సభ్యులు ఒక ఏర్పాటు ముందే చేసికొనవలెను: వాన కాలములో వాగు పొంగినప్పుడు బండి ఏ దారిన రాగలదు, రాత్రి వేళ ప్రధాన రోడ్డు మీద దీపము పట్టుకొని నిలుచువారెవరు, వాగు ఇవతల వరకు రోగిని తెచ్చుటకు ఎవరి ట్రాక్టరు సిద్ధముగా నుండును. ఆ మూడు పేర్లు, ఫోను నంబర్లు పంచాయతి కార్యాలయపు గోడ మీద వ్రాయించుడు.