మృచ్ఛకటికమును పల్లెకు చేర్చిన నటులు



సంస్కృత నాటకము పండితుల సొత్తని తలచువారు నేటికిని కలరు. ఈ భిలాయి పరిసరములందలి పల్లెల నటులు ఆ తలంపును తారుమారు చేసిన వైనము ఈ ఉక్కునగరమున నివసించు ఆంధ్రులు తెలిసికొనదగినది.

1923లో రాయపూరున జన్మించిన హబీబ్ తన్వీరుగారు 1955లో లండనుకేగి నాటకవిద్య నభ్యసించిరి. తిరిగివచ్చి, 1958లో ఢిల్లీయందు హిందూస్తానీ థియేటరు పక్షమున శూద్రకుని మృచ్ఛకటికమును ‘మిట్టీ కీ గాడీ’ అను పేర ప్రదర్శింపబూనినపుడు, ఛత్తీస్‌గఢ్ నుండి ఆరుగురు నాచా నటులను వెంటగొనిపోయిరి. నాచా యనగా తెల్లవార్లు ఆడు పల్లెనాటకము. ఆంధ్రుల వీథినాటకమునకు దాయాది యనవచ్చును.

ఈ యెంపికకు కారణము కలదు. సంస్కృత నాటకమున పాత్ర రంగముపై ఒక్క చుట్టు తిరిగినచో ఇల్లు దాటి రాజమార్గమున నున్నట్లే. తెరలు మార్చుటకు అలవడిన పట్టణపు నటులకు ఇది చిక్కు. నాచా నటునకో, నిత్యకృత్యము.

1959లో, అనగా భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన సంవత్సరముననే, తన్వీరుగారు మోనికా మిశ్రాగారితో కలిసి ‘నయా థియేటర్’ సమాజమును స్థాపించిరి. అయినను చాలకాలము పని సాఫీగా సాగలేదు. రాత్రియంతయు జనమును కట్టిపడవేయగల ఠాకుర్‌రామ్, మదన్‌లాల్ వంటి మహానటులు ఇచట తడబడజొచ్చిరి. లోపము వారిది కాదు. తమది కాని హిందూస్తానీ పలుకుమనుట, గీచిన గీతపై నడిచి ఫలాని చోట నిలువుమనుట, ఈ రెండును వారి కాళ్లకును నాలుకకును సంకెలలైనవి. 1970 ప్రాంతమున తన్వీరుగారు ఇది గ్రహించి రెంటిని విడిచిరి. నటులు ఛత్తీస్‌గఢీలో పలుకసాగిరి. పిదప మృచ్ఛకటికము సైతము ఆ భాషలోనే ఆడబడినది.

ఇది శూద్రకునకు అపచారమా? ఆయన నాటకమున సంస్కృతము పలుకువారు కొందరే. జూదరులు, సేవకులు, చండాలురు తమ తమ ప్రాకృతములనే పలుకుదురు. తెలుగున వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897 నాటి ప్రతాపరుద్రీయమున పాత్రోచితభాషను ప్రవేశపెట్టినదియు ఈ న్యాయముననే. దానికిని ఆక్షేపణలు తప్పలేదు!

భాష విడుదలైన పిదప సమాజము ముద్రారాక్షసము, ఉత్తరరామచరితము వంటివానిని కూడ ఆడినది. భిలాయికి దక్కిన భాగ్యము వేరొకటి. అసత్యమాడనని ప్రతిన బూని, ఆ ప్రతినకై ప్రాణములు కోల్పోయిన దొంగ కథ, విజయదాన్ దేథా చెప్పినది, తొలిరూపమున 1974లో ఇచటి మైదానమున సత్నామీల యెదుట ప్రదర్శితమైనది. సత్యమే దైవమని నమ్మువారు ఆ సత్నామీలు. ఆ నాటకమే ‘చరణ్‌దాస్ చోర్’. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవమున బహుమతి నందినది. అచ్చటను ఆ నటులు ఛత్తీస్‌గఢీనే పలికిరి.